హైదరాబాద్ నుంచి నగోయా: కొత్తగా వచ్చాను, సలహా కావాలి

అన్నలకూ అక్కలకూ నమస్తే. మాది కూకట్‌పల్లి. పోయిన నెలే జపాన్‌లోని నగోయా వచ్చాను, కార్ల విడిభాగాల కంపెనీలో డిజైన్ పని. భాష, తిండి, ఆఫీసు పద్ధతి అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఆరు నెలల్లో జపనీస్ భాష ఎన్3 స్థాయి పరీక్ష, వంట, డ్రైవింగ్ లైసెన్స్, జిమ్ అని పెద్ద ప్లాన్ రాసుకున్నా. అప్పుడే చేతులెత్తేశా. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర కూడా పట్టట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు:

తమ్ముడూ, ఆ ప్లాన్ చింపెయ్. అది అమీర్‌పేట ప్లాన్. కిక్కిరిసిన గదిలో కూర్చుని, నెలన్నరలో కోర్సు లాగించేసి, జిరాక్స్ నోట్సుతో ఇంటర్వ్యూకి పోవడం మనకు అలవాటు. దాంతో ఎంతోమందికి ఉద్యోగాలొచ్చాయి, కాదనను. కానీ కొత్త దేశంలో బతకడం అలా రాదు.

కైజెన్, అంటే పనిని కొంచెం కొంచెంగా మెరుగుపరుచుకుంటూ పోయే జపాన్ పద్ధతి, దాని గురించి రీల్స్‌లో వినే ఉంటావు, రోజుకో శాతం మెరుగైతే ఏడాదికి ముప్పై ఏడు రెట్లు అని. అదంతా కాగితం లెక్క. ఫ్యాక్టరీలో జరిగేది వేరు. ముందు పనికి ఒక పద్ధతి ఖాయం చేస్తారు. చెయ్యి ఎక్కడ ఆగుతోంది, నడుము ఎక్కడ వంగుతోంది అని చూసి ఒక్కటంటే ఒక్కటి మారుస్తారు. బోల్టుల ట్రే బెత్తెడు ఇటు జరపడం కూడా కైజెనే. పని సులువైతే అదే రాసిపెట్టి, మర్నాటి నుంచి అందరూ అలాగే చేస్తారు. టయోటాలో కార్మికుల నుంచి సూచనలు తీసుకోవడం 1951లోనే మొదలైంది. లైన్‌లో ఏదైనా తేడా కనిపిస్తే కార్మికుడే తాడు లాగి పిలవొచ్చు, టీమ్ లీడర్ వచ్చి చూస్తాడు. నువ్వు కూడా మీటింగ్‌లో అర్థం కానప్పుడు తలూపకుండా అడుగు. మనవాళ్లకు 'యస్ సార్' జబ్బు కొంచెం ఎక్కువ.

నీ విషయంలో మొదట మార్చాల్సింది ఫోన్ టైమ్ అనుకుంటా. ఇక్కడి గడియారం మన దగ్గరికన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మీ అమ్మగారు భోజనం చేసి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే నీకు పన్నెండున్నర. ఇంక నిద్రెలా పడుతుంది! సాయంత్రం ఆరింటికి చేయమను, నీకు తొమ్మిదిన్నర అవుతుంది. ఒక వారం అలా చేసి చూడు. జిమ్ సంగతి తర్వాత.

భాషకొస్తే, జపనీస్ లిపుల్లో హిరగానాకి 46, కటకానాకి 46 అక్షరాలు. రోజుకు ఐదు, ట్రైన్‌లో. నిన్నటి ఐదు రాకపోతే కొత్తవి ముట్టుకోకు. వాక్యం మాత్రం ఇంగ్లీషులోంచి కట్టకు, తెలుగులోంచే కట్టు. క్రియ చివరికే వస్తుంది, మన 'లో', 'కి' లాంటివి అక్కడా పేరు తర్వాతే వస్తాయి. పరీక్ష జూలైలోనూ డిసెంబరులోనూ ఉంటుంది. అన్నిటికన్నా కింది మెట్టు ఎన్5, దానికి ఫీజు కట్టు చాలు.

తిండికి పెద్ద తిప్పలేం లేవు. ఇక్కడి బియ్యం ముద్దవుతుంది, పెరుగన్నానికి బాగానే ఉంటుంది, పులిహోరకి పనికిరాదు. సోనా మసూరి ఇండియన్ షాపుల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకో.

ఇంకో జవాబు:

అన్నయ్య చెప్పినవాటికి నాదొకటి. చెత్త దగ్గర జాగ్రత్త బాబూ, ఇరుగుపొరుగుతో మొదటి గొడవ అక్కడే వస్తుంది. తగలబెట్టేది, ప్లాస్టిక్, సీసాలు అన్నీ వేరు వేరు, వాటి రోజులూ వేరు. జపాన్‌లో పుట్టినప్పటి నుంచీ అందరూ ఇంతే అనుకోకు. సముద్రపు ఒడ్డున ఫుజిమాయె బురదనేలలో చెత్త పోయాలనుకున్న ప్లాన్‌ను వలస పక్షుల కోసం వదులుకున్నాక, 1999 ఫిబ్రవరిలో నగోయా 'చెత్త అత్యవసర పరిస్థితి' ప్రకటించింది. అప్పుడు ఈ ఊరివాళ్లూ నీలాగే సంచి పట్టుకుని ఇది ఎందులో వేయాలని తికమకపడ్డవాళ్లే. రెండేళ్లలో చెత్త ఐదో వంతుకు పైగా తగ్గింది. 2002లో ఆ బురదనేల రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేలల జాబితాలో చేరింది.

వార్డ్ ఆఫీసు వాళ్లిచ్చిన చెత్త క్యాలెండర్ ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఏ రోజు ఏది బయట పెట్టాలో తెలుగులో రాసిస్తా.