డీటీపీ పనికి విండోస్ 10లోనే ఉండాలా, 11కి మారాలా?

అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ 7 అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతోనే చేస్తాం. సిస్టమ్ ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ అడుగుతోంది కాబట్టి నేరుగా ఎక్కదు. అడ్డదారిలో ఎక్కించుకోవచ్చంటున్నారు గానీ, రోజూ కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టే మెషీన్ మీద ఆ ప్రయోగం నాకు ఇష్టం లేదు.

2026 అక్టోబర్ 13 వరకు ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లతో నెట్టుకురావడమా, కొత్త సిస్టమ్ కొనడమా? అసలు టెన్షన్ పాత ఫైళ్ల గురించే. విండోస్ 11లో పేజ్‌మేకర్, అను కీబోర్డు సరిగ్గా నడుస్తున్నాయా? వత్తులు చెదరకుండా ప్రింట్ వస్తోందా? వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.