ఆరోపించడం, అభియోగం మోపడం, అభిశంసించడం: ఏ మాట ఎక్కడ వాడాలి?

ప్రశ్న (కోర్టు వార్తలు రాసే విలేకరి):
ఒకే కేసు గురించి ఒక పత్రిక ‘పోలీసులు అతనిపై హత్యాభియోగం మోపారు’ అని, ఇంకొకటి ‘అభియోగపత్రం దాఖలు చేశారు’ అని రాసింది; టీవీలో మాత్రం ‘హత్య చేశాడని ఆరోపించారు’ అని చెప్పారు. నిఘంటువుల్లో ఈ మాటలన్నీ పక్కపక్కనే పర్యాయపదాలుగా కనిపిస్తున్నాయి. వీటిని ఒకదానికి బదులు ఒకటి వాడవచ్చా? అభిశంసించడం, నిందించడం కూడా ఈ కోవలోకే వస్తాయా?

జవాబు (న్యాయవాది):
వాడకూడదు. ఆ మాట ఎవరి నోటి నుంచి, కేసు ఏ దశలో ఉండగా వస్తోందన్నది ముందు చూసుకోవాలి. ఆరోపణ ఎవరైనా చేయవచ్చు, దానికి అధికారం అక్కర్లేదు. పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాస్తే ‘కేసు నమోదు చేశారు’ అంటాం. దర్యాప్తు ముగించి న్యాయస్థానానికి ఇచ్చే నివేదికే ఛార్జిషీటు, అంటే అభియోగపత్రం. నేర దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 193వ సెక్షన్ కిందికి వస్తుంది. పేరులో అభియోగం ఉన్నా, అక్కడికి అభియోగం మోపినట్టు కాదు. ఆ కాగితాలు చూసి, ఇరుపక్షాల వాదనలు విని, విచారణకు తగిన ఆధారం ఉందని తోస్తే న్యాయమూర్తి స్వయంగా అభియోగాలు నమోదు చేసి, వాటిని నిందితునికి చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటావా, విచారణ కోరుకుంటావా అని అడుగుతారు. ఆధారం చాలదనిపిస్తే ఆ దశలోనే అతన్ని కేసు నుంచి తప్పిస్తారు. దీన్ని విచారణ పూర్తయ్యాక వచ్చే ‘నిర్దోషి’ తీర్పుతో కలపకూడదు. కాబట్టి మీరు చెప్పిన మొదటి వాక్యం మన దేశపు కేసులకు నప్పదు. అమెరికాలో అభియోగాలు ప్రాసిక్యూటర్లో (ప్రభుత్వం తరఫు న్యాయవాదులు), గ్రాండ్ జ్యూరీయో (అందుకోసం ఎంపికచేసిన పౌరుల బృందం) మోపుతారు కనుక అక్కడి వార్తలను తెనిగించేటప్పుడు అలవాటైన వాక్యం ఇక్కడికీ పాకిందని నా అనుమానం.

జవాబు (తెలుగు అధ్యాపకురాలు):
న్యాయవాది గారు చెప్పినదానికి వాక్య నిర్మాణం వైపు నుంచి కొంత చేరుస్తాను. ‘మంత్రిని ఆరోపించారు’ అనే వాక్యం ఈమధ్య తరచుగా కనిపిస్తోంది, అది తెలుగు కాదు. నిందించడం మనిషిని, ఆరోపించడం మనిషిని కాదు, విషయాన్ని. ‘మంత్రి లంచం తీసుకున్నారని ప్రతిపక్షం ఆరోపించింది’ అనాలి, లేదా ‘మంత్రిపై ఆరోపణలు చేసింది’ అనాలి. అభియోగానికి సొంత క్రియ వాడుకలో లేదు కనుక ‘మోపు’ను తోడు తెచ్చుకుంటుంది.

ఇక అభాండం వేయడం, అంటగట్టడం అన్నవాటితో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ‘అతనికి దొంగతనం అంటగట్టారు’ అని రాసిన విలేకరి అది అబద్ధమని తానే తీర్పు చెప్పేసినట్టు. నీలాపనింద కూడా అలాంటిదే. వినాయక చవితినాడు శమంతకమణి కథ విన్నవారెవరికైనా, ఆ మాట పుట్టగానే కృష్ణుడు మణిని దొంగిలించలేదన్న సంగతి ముందే తెలుసు. విచిత్రమేమిటంటే అదే ‘నింద’ నుంచి వచ్చిన నిందితుడు మాత్రం చట్టపరిభాషలో ఏ పక్షమూ వహించడు.

జవాబు (అనువాదకుడు):
అభిశంసన గురించి. 2019 డిసెంబరు 18న అమెరికా ప్రతినిధుల సభ ట్రంప్‌ను అభిశంసించిందని చదివి, ఆయన పదవి పోయిందని అనుకున్నవారు నాకు తెలుసు. ఆ సభ చేసింది అభియోగాలు మోపడమే. విచారించిన సెనేట్ 2020 ఫిబ్రవరిలో ఆయన్ని నిర్దోషిగా తేల్చింది. మన రాజ్యాంగం 61వ అధికరణంలో ఈ మాటను రాష్ట్రపతికే పరిమితం చేసింది: ఒక సభ అభియోగం మోపితే రెండో సభ విచారించాలి. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విషయంలో 124వ అధికరణం చెప్పేది ‘తొలగింపు’ గురించి మాత్రమే. అయినా 1993లో లోక్‌సభలో వీగిపోయిన జస్టిస్ వి. రామస్వామి తీర్మానాన్ని అందరూ అభిశంసన తీర్మానమనే అంటారు. వాడుక స్థిరపడిపోయింది కనుక తప్పుపట్టను గానీ, చట్టం గురించి రాసే వ్యాసంలో ‘తొలగింపు తీర్మానం’ అనడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఎఫ్‌ఐఆర్‌లో పేరు లేకుండా, పోలీసులు పిలిచి ప్రశ్నించిన మనిషిని నిందితుడు అనవచ్చా?

జవాబు (న్యాయవాది):
అనకండి. అంతవరకు అనుమానితుడే, సాక్షిగా పిలిచి ఉంటే అది కూడా కాదు. నిందితుల జాబితాలో చేరాక నిందితుడు, న్యాయస్థానం నేరం రుజువైందన్నాకే దోషి. మరొక చిన్న మాట: ‘ఏ1 నిందితుడు’ అని రాస్తున్నారు, ఆ ‘ఏ’ అక్షరానికి అర్థమే నిందితుడు. ‘మొదటి నిందితుడు’ అనో, ఉత్త ‘ఏ1’ అనో రాస్తే సరిపోతుంది.