విషకప్ప గుడ్లు మూడో రోజుకే పాడైపోతున్నాయి

మేం ఉండేది టెక్సాస్‌లో. గాజు తొట్టెలో ఆకుపచ్చ, నలుపు మచ్చల విషకప్పల జంట ఉంది, డెండ్రోబేటిస్ ఆరేటస్. పెంపకంలో పుట్టినవే. పనామా, కోస్టారికా అడవుల్లో తినే చీమలు, పురుగులు ఇక్కడ దొరకవు కాబట్టి వీటికి విషం ఉండదు.

మగది కూస్తుంది, ఆడది వెంటపడి దాని వీపు తడుతుంది, కొబ్బరిచిప్ప కింద ఐదారు గుడ్లు పెడుతుంది. మొదట్లో బాగానే ఉంటాయి: గాజులాంటి జిగురు, మధ్యలో నల్లచుక్క. మూడో రోజుకి ఆ చుక్క బూడిదరంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత తెల్లబడి బూజు పడుతుంది. మగది పాపం అప్పటికీ వచ్చి వాటి మీద కూర్చుని తడుపుతూనే ఉంటుంది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

పగలు 25 డిగ్రీలు, రాత్రి 21. తేమ 85 శాతం. మేత రెక్కల్లేని పండ్ల ఈగలు, కాల్షియం పొడి పట్టించి. కుళాయి నీళ్లు మానేసి ఆర్‌వో నీళ్లు వాడాను. గుడ్లు తీసి మూత డబ్బాలో తడి టిష్యూ మీద పెట్టి చూశాను. వేసవి నుంచి విటమిన్ ఎ పొడి కూడా ఇస్తున్నాను. తేడా లేదు.

అసలు ఫలదీకరణే జరగడం లేదా, జరిగాక పిండం చనిపోతోందా అన్నది గుడ్డును చూసి ఎలా తేల్చుకోవాలి?