‘కోస్తే తెలుపు, కాస్తే…’ మధ్య మాట ఎవరికైనా తెలుసా?

కొత్తపట్నం మనవడు: మా తాతయ్య వలలు అల్లేవారు. వల అడుగు తాడుకు కట్టే సీసపు గుండ్లు ఇంటి వెనక తానే పోసుకునేవారు. కత్తితో సీసం కోస్తూ ఒక మాట అనేవారు: ‘కోస్తే తెలుపు, కాస్తే …, రాస్తే నలుపు’. ఆ మధ్య రంగు ఎంత గింజుకున్నా గుర్తుకు రావడం లేదు.

ఛందోభిమాని, నెల్లూరు: ఎరుపు. ఇందులో వెతకడానికి ఏముంది? ‘సిందూరం నాగసంభవం’ అన్నాడు అమరసింహుడు. నాగమంటే సీసమే, దాన్నుంచి పుట్టేదే ఎర్రటి సిందూరం.

పెన్నా గట్టు: పసుపు అన్నా సరిపోతుంది కదండీ. అక్కడా మూడు లఘువులే.

ఛందోభిమాని, నెల్లూరు: గణం కుదిరితే చాలదు, ప్రాస చూడండి. తెలుపు, నలుపు రెండింటా రెండో అక్షరం లకారం. ప్రాసలో ర, లలకు అభేదం ఉంది, ఒకదాని చోట ఇంకొకటి చెల్లుతుంది కనుక ఎరుపు నిలుస్తుంది. పసుపులోని ‘సు’ ఏ గుంజను పట్టుకుని నిలబడుతుంది?

అద్దంకి పాఠకుడు: అభేదం చెప్పే ముందు అక్షరం సరిచూసుకోవాలి. అది ఎరుపు కాదు, ఎఱుపు. బండి ఱ, అంటే శకటరేఫ. లకారంతో మామూలు రేఫకున్న చుట్టరికం శకటరేఫకు ఎక్కడిది? మా ఎఱ్ఱన వింటే మీ ప్రాసను గుమ్మం దగ్గరే ఆపేవాడు. ఆయన పేరులో ఉన్నదీ ఆ అక్షరమే.

ఛందోభిమాని, నెల్లూరు: ‘మా’ ఎఱ్ఱనా? ఆయనది గుడ్లూరు అంటారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా ఆ ఊరున్న కందుకూరు తాలూకా నెల్లూరుదే. తిక్కన మావాడు, ఆయన వదిలిన అరణ్యపర్వ శేషం పూరించినవాడూ మావాడే.

కావలి మాస్టారు: కవులను కాసేపు కూర్చోబెట్టండి. నేను రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. సీసం సుమారు 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. కరిగినదాని మీద తెట్టు కడుతుంది. గాలి తగిలిన కొద్దీ అది పసుపు పొడి అవుతుంది. ఎరుపు రావాలంటే ఆ పొడిని 450, 480 డిగ్రీల మధ్య గంటల తరబడి గాలిలో కాచాలి. మరీ వేడెక్కిస్తే సిందూరం విరిగి మళ్లీ పసుపే. గుండ్లు పోసే మూకుడులో సిందూరం పుట్టదు. తాతయ్యగారు చూసినది పసుపే.

ఛందోభిమాని, నెల్లూరు: తాతయ్యగారు మూకుడులో చూసి అన్నారో, వాళ్ల తాతయ్య దగ్గర విని అన్నారో మీకెలా తెలుసు? సామెతలు మూకుడులో పుట్టవు.

ఒంగోలు అచ్చు: అందరూ మధ్య మాట పట్టుకుని లాగుతున్నారు. నా పేచీ చివరి మాటతో. ‘రాస్తే’ అంటే వ్రాస్తేనా, రాచితేనా? వ్రాయు వేరు, రాచు వేరు. వత్తు పోగొట్టుకున్నాక రెండూ ఒకే చొక్కా వేసుకు తిరుగుతున్నాయి. నేను ఇరవై ఏళ్లు అచ్చు అక్షరాలు కూర్చిన కంపోజిటర్‌ని. సీసం, అంటిమొని, తగరం కలిపి పోసిన అక్షరాలు. ఒట్టి సీసం మెత్తన, నాలుగు ఫారాలకే అణిగిపోతుంది. అంటిమొని దానికి గట్టితనం ఇస్తుంది. సాయంత్రానికి వేళ్లు నల్లబడేవి. అది వ్రాసిన నలుపు కాదు, రాచుకున్న నలుపు. శ్రీనాథుడి సీసపద్యం కూర్చిన రోజున మాత్రం సీసాన్ని సీసమే మోస్తున్నదని మురిసిపోయేవాణ్ణి.

ఛందోభిమాని, నెల్లూరు: పద్యం సీసం శీర్షకం నుంచి వచ్చిందంటారు, లోహంతో సంబంధం లేదు. అయినా శ్రీనాథుడి సీసంలో ఆ విరుపు, పాదం సగంలో అదే మాట ఇంకో వన్నెతో తిరిగి రావడం… సరే, ఇది వేరే చర్చ. రేపు మొదలుపెడతాను.

పెన్నా గట్టు: ‘వ్రాస్తే’ అనుకుంటే పెన్సిల్ గురించేమో?

కావలి మాస్టారు: పెన్సిల్‌లో సీసం లేదు, గ్రాఫైట్ ఉంది. దాన్ని సీసమని పొరబడ్డారు, అది కర్బనమేనని 1779లో రసాయనవేత్త షీలే తేల్చాడు. అయితే అసలు సీసమూ కాగితం మీద గీత గీస్తుంది. అంచేత ఒంగోలు వారి పేచీ పేచీగానే ఉంటుంది.

సూళ్లూరుపేట: మా పొరుగు తమిళంలో సీసం కారీయం, అంటే నల్లది. తగరం వెళ్లీయం, తెల్లది. లాటిన్‌లోనూ రెండూ ప్లంబమే, నల్ల ప్లంబం, తెల్ల ప్లంబం. పేరులోనే నలుపు ఉండగా వ్రాతలు, రాపిళ్లు ఎందుకు? అది ‘ఆరితే నలుపు’ అయి ఉండదా?

ఒంగోలు అచ్చు: కోస్తే, కాస్తే అని వచ్చి ‘ఆరితే’ అంటే చెవికి కాలు తడబడినట్లుంది.

కొత్తపట్నం మనవడు: అటక మీద తాతయ్య గుండ్లు నాలుగు దొరికాయి. ఒకటి కోశాను. లోపల వెండిలా మెరిసింది, మర్నాటికి మసకబారింది. సున్నం గోడ మీద గీస్తే నల్లటి చార పడింది. రెండు రంగులు ఖాయం. ఇక కాచి చూస్తాను.

కావలి మాస్టారు: వద్దు నాయనా. ఆ పొగ, ఆ పొడి రక్తంలో చేరి ఎముకల్లో తిష్ఠ వేస్తాయి. పసిపిల్లల మెదడుకు మరీ చేటు. 2000లో మన పెట్రోలులోంచి సీసాన్ని తీసేశారంటే ఊరికే కాదు. ముందు చేతులు సబ్బుతో కడుక్కో.

కొత్తపట్నం మనవడు: కడుక్కున్నాను మాస్టారూ. ఇంట్లోనూ మూకుడు ఇవ్వనన్నారు. అమ్మను అడిగితే అసలు రంగే కాదంటున్నది. ‘కాస్తే కాసులు’ అనేవారట, గుండ్లు అమ్మితే వచ్చే డబ్బులు.

ఛందోభిమాని, నెల్లూరు: కాసులు భగణం. కుదరదు.

అద్దంకి పాఠకుడు: అమ్మగారి మాటకు కూడా గణాలు కడతారా? అది అలా ఉంచండి, గుడ్లూరు సంగతి ఇంకా తేలలేదు.