జెంట్రిఫికేషన్: తెలుగులో ఏమందాం?

నగరాల మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తూ జెంట్రిఫికేషన్ అనే మాట దగ్గర ఆగిపోయాను. శ్రామికులుండే వాడలోకి డబ్బున్నవాళ్ళు దిగి, ఇళ్ళు ఖరీదై, పాతవాళ్ళు వెళ్ళిపోవాల్సి రావడాన్ని అలా అంటారు. నిఘంటువుల దారిలో వెళ్తే కులీనీకరణ, సంపన్నీకరణ లాంటివి తయారవుతాయి. రెండూ నాకు నచ్చలేదు. ‘కులీన’ అనగానే మన పాఠకుడి బుర్ర నేరుగా కులం వైపు పోతుంది. రెండోదానితో ఇంకా పెద్ద చిక్కు. ‘ఆ వాడ సంపన్నీకరణ చెందింది’ అంటే అక్కడి జనం బాగుపడ్డారనే కదా అర్థమయ్యేది? జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం.

ఈ మాటను 1964లో వాడుకలోకి తెచ్చింది రూత్ గ్లాస్. బెర్లిన్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన సామాజిక శాస్త్రవేత్త. కింద రెండు గదులు, పైన రెండు గదులు ఉండే పాత ఇళ్ళు లీజు తీరగానే చేతులు మారి, ఖరీదైన నివాసాలుగా తేలడం ఆమె గమనించారు. ఒకసారి మొదలైతే అక్కడి శ్రామిక కుటుంబాలు దాదాపు అన్నీ వెళ్ళిపోయేదాకా అది ఆగదని రాశారు. జెంట్రీ అంటే ఇంగ్లండ్‌లో పాతకాలపు భూస్వామి వర్గం. కొత్తగా దిగినవాళ్ళు మధ్యతరగతి వాళ్ళే. వాళ్ళకు ఆ పేరు తగిలించడంలోనే ఆమె చురక ఉంది. ఆ చురక మన ‘ఈకరణ’లలో ఎక్కడా కనబడదు.

ఈ సంగతి మా గ్రూపులో పెడితే ఒక పెద్దాయన ఇలా రాశారు: “కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోయిందని మనకు సామెత ఉండనే ఉంది కదండీ. అందులోంచే ఒక మాట తీయొచ్చు.”

సామెత చక్కనిదే సార్, కానీ ఇక్కడ నప్పదు. వరద ఎవరూ పంపకుండానే వస్తుంది. లండన్‌లో గేట్లు ఎత్తింది చట్టం. 1957 అద్దె చట్టం ఎక్కువ విలువ కట్టిన ఇళ్ళ మీద అద్దె నియంత్రణ తీసేసింది. మిగతా ఇళ్ళలో కూడా పాత కిరాయిదారు ఖాళీ చేస్తే, కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ నియంత్రణ వర్తించకుండా పోయింది. అంటే యజమానికి అదే ఇల్లు మనిషి ఉంటే ఒక రేటు, మనిషి ఖాళీ చేస్తే ఇంకో రేటు. లండన్‌లోని నాటింగ్ హిల్‌లో పీటర్ రాక్‌మన్ అనే యజమాని పాతవాళ్ళను బెదిరించి పంపించడం ఎంత రచ్చయిందంటే, అతని పేరు మీద ఇంగ్లీషులో రాక్‌మనిజం అనే మాటే పుట్టింది. 1965లో మరో చట్టం తెచ్చి కిరాయిదార్లకు మళ్ళీ రక్షణ కల్పించాల్సి వచ్చింది.

అందుకే నామవాచకం కోసం వెతకడం మానేసి, క్రియల వైపు చూద్దామంటాను. మనం రోజూ అనే మాటలు చూడండి: ఖాళీ చేశారు, ఖాళీ చేయాల్సి వచ్చింది, ఖాళీ చేయించారు. ఇల్లు ఒకటే, ఖాళీ కావడమూ ఒకటే. మొదటిదాంట్లో అంతా వాళ్ళ ఇష్టప్రకారమే జరిగినట్టుంటుంది. లీజు తీరి, కొత్త అద్దె కట్టలేక వెళ్ళిపోయినవాళ్ళకు రెండోది సరిపోతుంది. రాక్‌మన్ చేసిన పనికి మూడోదే కావాలి. ఇంత తేడాను క్రియ రూపం కాస్త మార్చి చెప్పగల భాష చేతిలో ఉండగా, ఎవరు ఎవర్ని ఏం చేశారో చెప్పని సంస్కృత సమాసం మనకెందుకు?

ఇంకొకరు అడిగారు: “మరి శీర్షికలో ఏం పెడతారు? క్రియతో శీర్షిక కుదరదుగా?”

ఎందుకు కుదరదండీ? ‘ఖాళీ చేయించిన వాడలు’ అని పెట్టాను. లోపల జెంట్రిఫికేషన్‌ను ఒక్కసారి తెలుగు లిపిలోనే రాసి, ఎవరి మాటో చెప్పి, తర్వాత నుంచి ఈ మూడు క్రియలతో నడిపిస్తున్నాను. ‘సుందరీకరణ’ మాత్రం ఎక్కడా వాడను. గోడలకు రంగులేసిన సంగతి ఆ మాట చెబుతుంది గానీ, ఆ గోడల మధ్య ఉన్నవాళ్ళు ఏమయ్యారో చెప్పదు. లీజు తీరడానికి మీ వైపు ఎవరైనా ఇంకా సూటి మాట వాడుతుంటే చెప్పండి, ‘గడువు ముగియడం’ నాకు చప్పగా ఉంది.