మెల్‌బోర్న్ ఉగాదికి "మోడు – చిగురు" చెక్క శిల్పం: విశాఖ బృందం పనుల చర్చ

చెక్కపని: అందరికీ నమస్కారం. మోడు కొలతలు ఈ వారమే ఖాయం కావాలి. 45 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఒకే నిద్రగన్నేరు మొద్దు వాడదామని మొదట అనుకున్నాం. వద్దండి. చెక్క ఆరేటప్పుడు వలయాల వెంట వచ్చే కుదింపు, మధ్య నుంచి బెరడు వైపు వచ్చేదానికి దాదాపు రెండింతలు. నడిమి భాగం లోపలే ఉండిపోతే మొద్దు పగలడం ఖాయం. మన సముద్రపు గాలిలో 14 శాతం తేమ దగ్గర నిలిచిన చెక్క, అక్కడ హీటర్ వేసిన హాల్లో 9–10కి దిగుతుంది. సామిల్లులో నాలుగు పాయలుగా కోయించి, నడిమి భాగం తీసేసి, కొసలకు మైనం పూసి ఆరబెడదాం. అక్కడ బోల్టులతో బిగిస్తే సరి. బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా చెక్క నారకు అడ్డంగా సాగి ఉండాలి, చెక్క కదలడానికి చోటు దొరకాలి.

రవాణా: నాలుగు పాయలు చేయడం నాకూ కావాల్సిందే అన్నా. పురుగులను చంపడానికి పట్టే మిథైల్ బ్రోమైడ్ పొగ (ఫ్యూమిగేషన్) చెక్క లోపలికి కొంతవరకే పోతుంది, అందుకే ప్రతి ముక్కకూ కనీసం ఒక కొలత 20 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: లక్క అన్ని వైపులా పూస్తే పొగ దూరదు, ఫ్యూమిగేషన్ చెల్లదు. ప్రతి ముక్కకూ అడుగు భాగం పూత లేకుండా వదిలేయండి. చికిత్స చేసే కంపెనీ ఆస్ట్రేలియా ప్రభుత్వ జాబితాలో ఉండాలి. శాస్త్రీయ నామాలతో చెక్క జాబితా ఇస్తేనే మొక్కల తెగుళ్లను తనిఖీ చేసే విశాఖ ప్లాంట్ క్వారంటైన్ స్టేషన్‌లో పని ముందుకు సాగుతుంది. ఇరుగుడు, ఎర్రచందనం ముక్క ఒక్కటి కూడా కలపకండి, సైటిస్ (అరుదైన జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రాల చిక్కు వస్తుంది.

మెల్‌బోర్న్: మోడు మీద నిజమైన బెరడు ఉంచితే బాగుంటుంది కదా? గింజలు, మొలకలు కూడా పంపగలరా?

రవాణా: రెండూ కుదరవు వదినా. బెరడు కింద పురుగు దాక్కుంటుంది, కనిపిస్తే ఆపేస్తారు. గింజల ఊసే వద్దు. మొక్కలు కావాలంటే అక్కడి నర్సరీలో ఆ నేలకు చెందినవే కొనండి. ప్యాకింగ్‌లో గడ్డి పెట్టకూడదు, నురుగు షీటు చాలు. పెట్టె ప్లైవుడ్‌ది అయితే మేలు, కింద దిమ్మెలకు మాత్రం వేడి చికిత్స ముద్ర తప్పనిసరి. ఆ చికిత్సలో దిమ్మె నడిమధ్య 56 డిగ్రీలు 30 నిమిషాలు ఉండాలి.

చెక్కపని: బెరడు గరుకుదనాన్ని వంపు ఉలితో చెక్కి, పైన మంటతో నల్లబరుస్తాను. హుద్‌హుద్ తుపాను (2014 అక్టోబర్ 12) తర్వాత నగరంలో కూలిన చెట్ల మొదళ్లు చూసినవారికి ఆ చీలికలు పరిచయమే. మోడును ఒకే దిక్కుకు ఒరిగినట్టు చెక్కుదాం. శిల్పాన్ని వేడి చికిత్స గదిలో మాత్రం పెట్టకండి, 65–70 డిగ్రీలకే లక్క మెత్తబడి చేతికి అంటుకుంటుంది. అందుకే ఫ్యూమిగేషన్ దారి ఎంచుకున్నాం.

ఏటికొప్పాక బాధ్యత: చిగుళ్లు అంకుడు కర్రతో, లేత్ మీద తిప్పించి లక్క వేయిస్తాను. ఆకుపచ్చకు పసుపు, నీలి మందు కలుపుతారు, ఎరుపుకు జాఫ్రా గింజలు, మెరుపుకు మొగలి ఆకు రుద్దుతారు. పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది, ఆకుపచ్చ నీలానికి తిరుగుతుంది. కాబట్టి కిటికీ పక్కన, గట్టి స్పాట్‌లైట్ కింద పెట్టవద్దు.

ఈ శిల్పంలో నాకు ఎక్కువ విలువైనది వేరే ఉంది. అంకుడు చెట్టును మొదలు దగ్గర నరికినా మళ్లీ చిగురిస్తుంది. వేర్లతో పెకలించకుండా, నేలకు జానెడు ఎత్తులో, నీరు నిలవకుండా ఏటవాలుగా కోస్తే మోడు నుంచి గుబురుగా చిగుళ్లు వస్తాయి. గట్టివి రెండు మూడు ఉంచి మిగతావి తీసేయాలి, మేకలు మేయకుండా మొదటి ఏడాది ముళ్లకంప కట్టాలి. శిల్పంలో చిగుళ్లు మోడు తల మీద కాకుండా, కోత అంచుకు కింద, బెరడును చీల్చుకుని రావాలి. నిజంగా అవి అక్కడి నుంచే వస్తాయి. మూడు చాలు, ఎక్కువైతే బొకే అనిపిస్తుంది.

మెల్‌బోర్న్: సరే. కోత ఎత్తు, చిగుళ్ల సంగతి పక్కన బోర్డు మీద తెలుగులో, ఇంగ్లీషులో రాయిస్తాం. మొక్కలు ఇక్కడే తీసుకుంటాం.

రవాణా: బోల్టులు, వాషర్లు, రెంచి పెట్టెలోనే పెడతాను. బిగించే వరస ఫోటోలతో పంపుతాను. పాయల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలండి, జిగురు వాడకండి. ఫ్యూమిగేషన్‌కు ముందు తేమ మీటర్ రీడింగ్ 14 దాటితే చెప్పండి, పెట్టె మూయను.