విశాఖ మిషన్ బడులు దారి తప్పాయా, మొదటి నుంచీ ఇంతేనా?

పాతపోస్టాఫీసు రాజు:
నిన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో దీని మీద పెద్ద గొడవైంది. తేలలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ (కాథలిక్ గురువుల సంఘం) ఫాదర్లు 1846లో విశాఖపట్నం వచ్చారు. 1847కల్లా వన్ టౌన్‌లో సెయింట్ అలోషియస్ బడి పెట్టారు. బీదల కోసం సముద్రం దాటి వచ్చిన సభ అంటాం కదా. మరి మా వైపు పల్లెల్లో విచారణ (పారిష్) బడులకు తాళాలు పడుతుంటే, టౌన్లో ఇంగ్లీషు మీడియం బడుల మీద అంతస్తులు లేస్తున్నాయేంటి? వచ్చిన పని మర్చిపోయారనే నేనంటాను.

తూర్పుగాలి:
రాజు గారూ, "వచ్చిన పని" ఏమిటో ముందు చూద్దాం. అప్పట్లో ఇక్కడున్న కాథలిక్కుల్లో ఎక్కువమంది కంపెనీ పటాలంలోని ఐరిష్ సిపాయిలు, పెన్షన్ తీసుకుని ఇక్కడే ఉండిపోయిన తెల్లవాళ్లు, వాళ్ల మిశ్రమ సంతానం. వాళ్లకు పూజ చెప్పడం, వాళ్ల పిల్లలకు చదువు చెప్పడం ఫాదర్ల మొదటి బాధ్యత. అలోషియస్ బడి బోర్డు మీద ఈ రోజుకీ ఆంగ్లో ఇండియన్ హై స్కూల్ అనే ఉంటుంది. 1850లో ఏర్పడిన విశాఖపట్నం వికారియేట్ (ఒక బిషప్ కింద ఉండే మిషన్ ప్రాంతం) పరిధి నాగపూర్ దాకా ఉండేది. అటువైపు కామ్టీ కంటోన్మెంటులోనూ ఇదే కథ. కాబట్టి టౌను బడి తర్వాత పట్టిన జబ్బేమీ కాదు, పుట్టుకతోనే ఉంది.

    

సాలూరు చిన్నోడు:
సగమే చెప్పారన్నా. 1866 కరువులో గంజాం వైపు అనాథ పిల్లల్ని చేరదీసింది ఎవరు? సిపాయిల పిల్లలు కాదు కదా వాళ్లు. 1849లో అనెసీ (ఇప్పటి ఫ్రాన్సులోని ఊరు) నుంచి యానాంలో దిగిన సెయింట్ జోసెఫ్ సిస్టర్లు ఆడపిల్లలకు చదువేంటన్న రోజుల్లో బడి పెట్టారు. 1958లో వాళ్లే విశాఖలో ఆడపిల్లలకు డిగ్రీ కాలేజీ తెరిచారు. మా అమ్మ బోర్డింగులో ఉండి చదువుకుంది. ఇంట్లో అయితే ఐదో తరగతితో ఆపేసేవాళ్లు.

లెక్కల మాస్టారు:
నేను ఎయిడెడ్ బడిలో పనిచేసి రిటైరయ్యాను. చరిత్ర పక్కన పెట్టి జీతాల రిజిస్టరు చూడండి. ఎయిడెడ్ అంటే టీచరు జీతం ప్రభుత్వానిది, బిల్డింగు, మరమ్మతులు మేనేజ్‌మెంటువి. టీచరు రిటైరైతే ఆ పోస్టు నింపడం ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఐదుగురున్న బడిలో చివరికి ఇద్దరం మిగిలాం. ఒకే గదిలో మూడు తరగతులు కూర్చోబెట్టి, ఒక వరసకు ఎక్కాలు, ఇంకో వరసకు డిక్టేషన్, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్కలు. ఏ తల్లిదండ్రులు పంపుతారు చెప్పండి? 2021లో సిబ్బందిని, ఆస్తులను అప్పగిస్తారా, ఎయిడ్ వదులుకుంటారా అని ప్రభుత్వం అడిగినప్పుడు రాష్ట్రమంతా తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరులో, ఇచ్చిన అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని మెమో వచ్చింది. పోస్టులు మాత్రం రాలేదు. తాళం ఫాదర్ల చేతిలో ఉన్నా, తలుపు మూసింది వాళ్లొక్కరే కాదు.

పాతపోస్టాఫీసు రాజు:
మాస్టారూ, ఒప్పుకుంటా. కానీ టౌను బడికి డబ్బులు దొరికినప్పుడు పల్లె బడికి ఇద్దరు టీచర్ల జీతం దొరకదా?

తూర్పుగాలి:
టౌను బడి ఫీజులతోనే పల్లెల్లో బోర్డింగులు, డిస్పెన్సరీలు నడుస్తాయని వాళ్లంటారు.

జ్ఞానాపురం మేరీ:
అంటారు. లెక్క ఎవరు చూశారు?

నేను ఇందాకట్నుంచీ చదువుతున్నా. మీరంతా ఫాదర్లు ఎందుకొచ్చారు, ఏం పెట్టారు అంటున్నారు. ఎవరి పేరు మీద పెట్టారో ఎవరూ అడగట్లేదు. మా తాత హార్బరు కూలీ. మాల కుటుంబం, మూడు తరాలుగా కాథలిక్కులం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం తీసుకున్న మాలమాదిగలు ఎస్సీలు కారు. మాకు రాష్ట్రంలో బీసీ-సీ గ్రూపు, రిజర్వేషన్ ఒక్క శాతం. అంటే చర్చికి వెళ్లినందుకు సర్కారు బడి, సర్కారు కొలువు దగ్గర మా వాటా పోయింది. ఇక మాకు మిగిలింది మా సభల బడులే కదా.

ఈ బడులకు ఆర్టికల్ 30 (మైనారిటీలు సొంత బడులు నడుపుకునే రాజ్యాంగ హక్కు) రక్షణ దేని వల్ల? మైనారిటీలమని మా లెక్క చూపించడం వల్ల. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. బీద పిల్లలకు 25 శాతం సీట్ల నియమం కూడా వాటికి లేనట్టే. సరే, హక్కు కాపాడుకోండి, నేనూ కోరుకుంటా. కానీ ఆ మినహాయింపుతో మిగిలిన సీటు మాకు వస్తోందా? మా చెల్లి కొడుకు ఎల్‌కేజీ కోసం ఒక బడికి వెళ్లాం. పేరు వద్దులెండి. బాప్తిస్మం సర్టిఫికెట్, విచారణ గురువుల ఉత్తరం, రెండూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లాం. కిటికీ దగ్గర క్లర్కు ఉత్తరం పక్కన పెట్టి ఫీజు కాగితం ముందుకు తోశాడు. మొదటి టర్మ్‌కే మా బావ రెండు నెలల జీతం. రాయితీ ఉందా అంటే "ఫాదర్‌గారిని కలవండి". ఫాదర్‌గారు రిట్రీట్‌కు (ధ్యాన ప్రార్థనలకు) వెళ్లారు.

సాలూరు చిన్నోడు:
ఒక్క క్లర్కును చూసి నూట ఎనభై ఏళ్ల సేవను తీసిపారేస్తారా అక్కా?

జ్ఞానాపురం మేరీ:
తీసిపారేస్తే ఈ గొడవెందుకు తమ్ముడూ? మీ అమ్మకు బోర్డింగులో దొరికినదే మా వాడికీ దొరకాలంటున్నా. డిసెంబరు 8న మేరీమాత కొండగుడి పండగకు మెట్లెక్కి వెళ్లేది మేమే. కానుక వేసేదీ మేమే.

లెక్కల మాస్టారు:
అమ్మా, ఏం చేస్తే బాగుంటుందంటారు?

జ్ఞానాపురం మేరీ:
రెండే మాస్టారూ. ఒకటి, ప్రతి ఫీజు బడీ ఏటా ఎంతమంది దళిత కాథలిక్ పిల్లల్ని, ఎంత రాయితీతో చేర్చుకుందో గుడి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆదివారం పూజ అయ్యాక అందరం చదువుకుంటాం. రెండు, పల్లెలో విచారణ బడి మూసేటప్పుడు ఆ పిల్లల్ని ఏ బోర్డింగులో చేర్చారో రాసి చూపించాలి. పెళ్లి కోసం మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు కదా, బడి మూసేముందు ఒక్క ఆదివారం చదవలేరా?

పాతపోస్టాఫీసు రాజు:
వచ్చే నెల మా పారిష్ కౌన్సిల్ మీటింగు ఉంది. మొదటిది నేను పెడతా. రెండోది మా ఫాదర్‌గారి పరిధిలో లేదంటారేమో, అయినా అడుగుతా. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.